వద్దన్న ఇంటికే మళ్లీ

ఈ వారంలో ఆమె రావడం ఇది మూడోసారి. ఫినాయిల్ సీసాలు సంచిలో వేసుకొని ఇంటింటికీ తిరిగే ఒక నడివయసు మనిషి. మా కోడలు తలుపు సగమే తీసి "మొన్ననే చెప్పిన గదమ్మా, వద్దని" అన్నది. ఆమె ఏమాత్రం చిన్నబుచ్చుకోలేదు. "సరే బిడ్డా, మల్ల వస్త" అని నవ్వి, కొంగుతో చెమట తుడుచుకొని పక్కింటి గేటు తీసింది. నేను కిటికీలోంచి చూస్తున్న. ఆ నవ్వు చూడంగనే నా కడుపులో ఎక్కడో సన్నగా మండింది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి నవ్వితే నాకెందుకు మండాలె? ఎందుకంటే మా చెల్లె కూడా అచ్చం అట్లనే నవ్వుతది. మా చెల్లె మీద నాకు కుళ్లు. అరవై ఏండ్లు దగ్గర పడుతున్నయి, ఇంకా దాచుకోవడం ఎందుకు?

నాగర్‌కర్నూల్‌లో నాది బట్టల షాపు. నైటీలు, లంగాలు, జాకెట్ ముక్కలు. మా ఆయన సర్కారు నౌకరి చేసుకుంట నాకు పెట్టించి ఇచ్చిండు. అద్దాల తలుపు, తిరిగే కుర్చీ, గోడకు ఏసీ. ఆ కుర్చీలో కూసుంటే నాకు నేనే ఒక ఆఫీసరు లెక్క కనపడేదాన్ని. చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో తెలివిగల్లదాన్ని నేనే. చెల్లె పదో తరగతి మూడోసారికి పాసైంది. ఫెయిలైన రెండుసార్లూ ఏడ్చింది నేను, ఆమె కాదు. ఆమె సద్దన్నం తిని, మూతి కడుక్కొని, అదే పుస్తకం మల్లా తీసేది. అప్పుడే నాకు అర్థం కావాల్సింది.

ఆమెను వనపర్తిలో ఇచ్చినం. మరిది ప్రైవేటు బడి వ్యాను నడిపేవాడు. కరోనా వచ్చి బడులు మూతపడ్డయి, వ్యాను చెట్టు కింద నిలబడ్డది. కొన్ని నెలలు చూసి, ఇల్లు ఖాళీ చేసి, పిల్లలను తీసుకొని మల్దకల్‌లో అమ్మ దగ్గరికి చేరిండ్రు. బజార్లు తిరిగి తెరిచినంక ఒకరోజు చెల్లె నా షాపుకొచ్చింది. నేను ఒక్కదాన్నే కుర్చీలో తిరుగుతున్న, ఈగ తప్ప గిరాకీ లేదు. "అక్కా, అమ్ముడువోనివి ఏమన్న ఉంటే నాకియ్యి. ఊర్లల్ల తిరిగి అమ్ముత" అన్నది. నాకు నవ్వొచ్చింది. జనం గడప దాటని రోజుల్లో గడపల చుట్టూ తిరుగుతదట. మూడేండ్ల నుంచి అటక మీద పడున్న మూట ఒకటి దించి ఇచ్చిన. ఆవపువ్వు రంగు నైటీలు, వాటి మీద పళ్లెమంత పొద్దుతిరుగుడు పూలు. దుకాణంలో ఎవరికి చూపించినా మొహం తిప్పుకున్న సరుకు అది.

నాలుగు రోజుల్లో మూట ఖాళీ చేసి వచ్చింది. "ఇంకున్నయా అక్కా?" అనడిగింది. లేవని చెప్పిన. ఉన్నయి. ఆ అబద్ధం నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో నాకే తెల్వదు. ఆమె మారు మాట్లాడకుండా హైదరాబాద్ పోయి, నేను తెచ్చే బజారు నుంచే సరుకు తెచ్చుకున్నది. ఇగ రోజూ పొద్దుగాల అమ్మ ఫోను. "నీ చెల్లె ఇయ్యాల గట్టు మండలం దిక్కు పోయింది. నీ చెల్లె నిన్న వానల తడిసింది గని సంచి తడవనియ్యలే." నా షాపు ఎట్ల నడుస్తుందని మాత్రం అమ్మ ఒక్కనాడూ అడగలేదు. ఏసీ కింద కూసున్న బిడ్డకేం కష్టముంటదని ఆమె అనుకొని ఉంటది. నేను ఫోను చెవికి దూరంగా పట్టుకొని ఊకొట్టేదాన్ని.

ఆ రోజుల్లోనే గద్వాల దిక్కునుంచి చుట్టాలింటికొచ్చిన ఒకామె నా షాపు మెట్లెక్కింది. నైటీ చేత్తో నలిపి చూసి, "మీ చెల్లె గూడ అమ్ముతది గద. గవ్వి గూడ గిట్లాంటియేనా?" అన్నది. "అవి అగ్గువవి. ఒక్క ఉతుకుకే రంగు పోతది" అన్న. ఒకే బజారు, ఒకే బట్ట. అన్నంక ఆ పూటంతా నాకు హాయిగా ఉన్నది, అబద్ధమెందుకు చెప్పాలె. సాయంత్రానికి ఆ హాయి కూడా పోయింది.

రెండో ఏడు వానలు పడ్డంక అమ్మ గొంతు మారింది. "చెల్లె కాలు బెణికింది. ఇంట్ల ఉండమంటే వింటలేదు. జర రెండు రోజులు వచ్చి సంచి మొయ్యరాదు?" నేను పోయిన. ప్రేమతో పోయిన అని చెప్పాలని ఉంది కానీ, ఎట్ల అమ్ముతుందో ఆ గుట్టు చూద్దామని పోయిన. వడ్డేపల్లి దిక్కు ఒక ఊర్లో బస్సు దిగినం. చుట్టూ పత్తి చేన్లు. చెల్లె కుంటుకుంట ముందు, నేను సంచి మోసుకుంట వెనక. మొదటి ఇల్లు వద్దన్నది. రెండో ఇంట్లో కుక్క వద్దన్నది. మూడో ఇంట్లో మనుషులు ఉండి కూడా పలకలేదు. నాలుగోది ఒక బడిపంతులు ఇల్లు. ఆయన భార్య చెల్లెను చూడంగనే "పోయినసారి గూడ వద్దన్న గద" అన్నది. నేను మాస్కు కండ్లదాకా లాక్కున్న. చెల్లె నవ్వింది. "అది పోయినసారి ముచ్చట వదినా. ఇయ్యాల ఏమంటరో అడుగుదామని వచ్చిన. జర గిన్నెల నీళ్లియ్యరా?"

దూపైందేమో అనుకున్న. నీళ్లు రాంగనే సంచిలోంచి ఎర్ర నైటీ ఒకటి తీసి అందులో ముంచింది. పిసికి, పిండి, తెల్ల తువాలలో చుట్టి వత్తింది. తువాల విప్పి చూపించి, "చూడు వదినా, తెల్లగనే ఉంది. రంగు పోతదని ఎవరో అన్నరంట, అందుకే అందరికీ చూపిస్తున్న" అన్నది. నేను సంచి సర్దుతున్నట్టు తల వంచుకున్న. పంతులు భార్య అప్పుడు కూడా వద్దనే అన్నది. కానీ గోడమీది నుంచి చూస్తున్న పక్కింటామె రెండు తీసుకున్నది.

తర్వాతి ఇంటి ముందర "ఇక్కడ నువ్వడుగు అక్కా" అన్నది. అడిగిన. లోపలామె తల అడ్డంగా ఊపిందో లేదో, నేను గేటు కూడా వెయ్యకుండా రోడ్డు మీదికొచ్చిన. మొహమంతా వేడెక్కింది. చెల్లె నిదానంగా గేటేసి, "మల్ల వస్తమమ్మా" అని కేకేసి వచ్చింది. ఆమె గుట్టు ఇంకేదో కాదు, ఇదే. ఎవరు చెప్పిన "వద్దు"ను వాళ్ల వాకిట్లోనే వదిలేసి వస్తది. నేనైతే నెత్తికెత్తుకొని ఇంటిదాకా మోసుకుపోత.

బస్సు కోసం నిలబడ్డప్పుడు ఇగ ఆగలేక అడిగిన. "రంగు పోతదని ఎవరన్నరో తెలుసా నీకు?"

"తెలుసు" అన్నది, కాలు రుద్దుకుంట.

నేను సంచి కింద పెట్టిన.

"రెండు రోజులు అన్నం సయించలేదక్కా. పరాయోళ్లు ఆ మాటంటే ఏం కాకపోతుండె. మూడోనాడు ఒక ముసలమ్మ, రంగు పోతదంట గద అన్నది. నీళ్లు తెమ్మన్న. ఇగ ఆడ్నుంచి ఇదే పని." అంతలో బస్సు మలుపు తిరిగింది. "సంచి పట్టు, సీటు దొరకది" అన్నది.

నేను క్షమించమని అడగలేదు, ఆమె క్షమించిన అని చెప్పలేదు. ఆ పంతులు భార్య ఏడోసారికి కొన్నదట. ఇప్పుడు చెల్లెకు గద్వాలలో సొంత షాపు ఉన్నది, అయినా వారానికి రెండు రోజులు ఊర్లమీద తిరుగుతనే ఉంటది. నా షాపు కూడా నడుస్తున్నది. మల్దకల్ నుంచి వచ్చిన తెల్లారే అటక మీద మిగిలిన పొద్దుతిరుగుడు నైటీలు దించి, అడగకుండానే ఆమెకు పంపిన. అంతకంటె పెద్ద పని నాకు చేతకాలేదు. కుళ్లు పోయిందా అంటే పోలేదు. కానీ ఇప్పుడు దాని మొహం నాకు తెలుసు. అది ఆమె గిరాకీని చూసి కాదు, ఆమె నడకను చూసి.

ఆ కరోనా రెండేండ్లు దేవుడు మా ఇద్దరికీ సమానంగానే ఇచ్చిండు. చెల్లెను అడిగితే ఏ ఊర్లో ఏ వాకిట్లో ఎవరేమన్నరో ఇప్పటికీ రోజు రోజుగా చెప్తది. నాకు మాత్రం ఆ కాలమంతట్ల గుర్తున్నవి, సంచి మోసుకుంట ఆమె వెనక నడిచిన ఆ రెండు రోజులే.