పావు శాతం బేరం

హోంలోన్ వడ్డీని కూడా బేరమాడి తగ్గించిన మనిషి అబిడ్స్ మొత్తం మీద నేనొక్కదాన్నే అని ఇప్పటికీ నా నమ్మకం. మా బ్యాగుల దుకాణం ఖాతా ఉన్న బ్యాంకు నలభై లక్షలకు ఎనిమిది ముప్పావు శాతం అంది. మేనేజరు మా బాపును, అంటే మా నాన్నను, ఎరిగినవాడు. ఎక్కువ కాగితాలు అడగకుండా, ఫీజు కూడా మాఫీ చేసి, మంజూరు పత్రం చేతిలో పెట్టాడు. నేను దాన్ని మడిచి సంచిలో వేసుకుని హిమాయత్‌నగర్‌లో ఒక హౌసింగ్ ఫైనాన్సు కంపెనీ మెట్లెక్కాను. చీరల కొట్లో కూర్చుని పక్క కొట్టు ధర చెప్పినట్టే బ్యాంకు రేటు చెప్పాను. గంటలో ఎనిమిదిన్నరకు దిగారు. నెలకు ఆరు వందల ముప్ఫై అయిదు రూపాయలు మిగులు!

ఆ సాయంత్రం నాంపల్లిలో మా కిరాయి ఇంటి మూడంతస్తులూ రెండేసి మెట్లు ఎక్కాను. వెనక మా ఆయన మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కుతూ, "జర ఆగవే, ఇల్లింకా రాలే" అన్నాడు.

కొత్త కంపెనీకి ప్రాసెసింగ్ ఫీజు పదకొండు వేల ఎనిమిది వందలు కట్టాను. తిరిగి ఇవ్వబడదని రసీదు మీదే ఉంది. ధర తగ్గించినవాడు కొనేవాళ్లనే తిరగేసి చూస్తాడని కట్టాక తెలిసింది. అక్కడి ఆఫీసరు నా ఏడాది స్టేట్‌మెంట్ ముందేసుకుని, పసుపు మార్కరు పట్టుకుని, ఒక్కో వరుసా స్కేలుతో దిగాడు. ఆటోకు అరవై, పూలకు నలభై, మా ఆడబిడ్డకు వెయ్యి. అన్నిటికీ టకటకా జవాబు చెప్పాను. చివరికి పన్నెండు చోట్ల పసుపు గీశాడు.

"ప్రతి నెల అయిదో తారీఖు, రెండు వేల అయిదు వందలు, ఒక్కరికే పోతున్నయ్. ఇది మీరు ఫారంల చూపించని అప్పు మేడమ్."

"అప్పు కాదు సార్, సాయం."

"మీరే రాసిన్రు గదా, పాత బాకీ అని."

"మా గల్లీల గట్లనే అంటరు సార్."

"గట్ల ఎందుకంటరు?"

గిరాకీని ఉత్తచేతులతో పంపని నోరు నాది. ఆ ప్రశ్నకు మాత్రం సంచి జిప్పు లాగి మూశాను.

ఆ డబ్బు మా దుకాణం పక్కన, మెట్ల కింద, రబ్బరు స్టాంపులు చేసే కాకకు వెళ్లేది. మాకు చుట్టం కాదు. గోడకు గోడ ఆనుకుని నలభై ఏళ్లుగా ఉన్న మనిషి. నేను బడికి వెళ్లే రోజుల్లో నా పుస్తకాల మీద కొట్టుకోవడానికి నా పేరుతో స్టాంపు చేసి ఇచ్చాడు. షుగరుతో చూపు మందగించింది. పని కంప్యూటరు మిషన్లకు పోయింది. మా గల్లీలో దెబ్బతిన్న దుకాణదారుకు సాయమని ఎవరూ ఇవ్వరు. ఇస్తే తీసుకోడు, మర్నాటి నుంచి మొహం చూపడు. "నీకు పాత బాకీ ఉన్న, యాది మరిచిన" అని ఇస్తారు. "ఔ, నేను గూడ మరిచిన" అని అతను తీసుకుంటాడు. మా బాపు బతికున్నన్నాళ్లూ అలా చెప్పి, కవరు బల్ల మీద పెట్టి వచ్చేవాడు. నేను బాపు కంటే తెలివైనదాన్ని కదా, ఫోన్లో పంపి, కింద ప్రతిసారీ "పాత బాకీ" అని రాశాను కూడా. కాక ఆ ఫోను చిన్నమ్మకు చూపేవాడు. చిన్నమ్మ, అంటే ఆయన భార్య, నీళ్లు పట్టే నల్లా దగ్గర నలుగురికీ చెప్పేది: "మా ఆయన పైసలు గల్లీల మస్తున్నయ్. ఇప్పుడిప్పుడే ఇస్తున్నరు."

కాక నెలకోసారి మా దుకాణం గుమ్మంలో నిలబడి అడిగేవాడు. "ఇంకెంత మిగిలింది బిడ్డా?"

"ఇంకా శానా ఉంది కాకా. బాపు రాసిపెట్టి పోయిండు."

ఆఫీసరు తేల్చి చెప్పాడు. సాయమే అయితే, తనకు మా దగ్గర రావలసిన బాకీ ఏమీ లేదని కాక సంతకం పెట్టిన ఉత్తరం కావాలి. లేకపోతే ఫైలు కదలదు.

బయటికొచ్చి సంచి తెరిచాను. పాత బ్యాంకు పత్రం మడత నలగకుండా ఉంది. అబిడ్స్‌కు వెళ్లి ఔనంటే చాలు. కానీ కట్టిన ఫీజు పోతుంది, గెలిచిన బేరం పోతుంది. ఉత్తరం నేనే టైపు చేయించాను.

కాక భూతద్దం పెట్టి చాలాసేపు చదివాడు. "సహాయము క్రింద" అన్న చోట వేలు ఆగింది.

"ఉత్తగ కాగితం కాకా. ఫైల్ల పెడ్తరు, ఎవ్వలు సూడరు."

"అయితే మీ బాపు బాకీ లేకుండెనా, బిడ్డా?"

ఆ బాకీ లేదని ఆయనకూ తెలుసనే అన్నాళ్లూ అనుకున్నాను. తెలిసే అడిగాడో, నిజంగానే నమ్మి ఉన్నాడో, ఇప్పటికీ నాకు తెలియదు. నేను పెన్ను మూత తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన సంతకం పెట్టాడు. ఎవరూ అడగకపోయినా, తన దుకాణం స్టాంపు తీసి, నోటితో ఆవిరి ఊది, సంతకం పక్కన నిటారుగా కొట్టాడు.

మూడో రోజు కంపెనీ నుంచి నిర్ధారణ కోసం ఆయన నంబరుకు ఫోను చేశారు. కాక ఫోను ఇంట్లో పెట్టి దవాఖానకు వెళ్లాడు. చిన్నమ్మ ఎత్తింది. అవతలి అమ్మాయి ఉత్తరం మొత్తం చదివి, నిజమేనా అని అడిగిందట. మధ్యాహ్నం, గిరాకీ ఉండగానే, చిన్నమ్మ మా దుకాణంలోకి వచ్చింది.

"ముష్టి అని నాకు తెల్వదు బిడ్డా. తెలిస్తే నల్లా కాడ అంత పెద్ద నోరు చేసుకోకపోదును."

"ముష్టి కాదు చిన్నమ్మా."

"మరేంది? కాగితం మీద నువ్వే రాయించినవట గద."

సూట్‌కేసు జిప్పు లాగి చూస్తున్న గిరాకీ చెయ్యి ఆపింది. చిన్నమ్మ కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

ఆ వారమే లోను మంజూరైంది. ఊరి చివర ఇల్లు, లిఫ్టు ఉంది, మా ఆయన మోకాలికి సుఖం. తర్వాతి అయిదో తారీఖు నేను పంపిన డబ్బు పది నిమిషాల్లో వెనక్కి వచ్చింది. ఆ పై నెల నుంచి కాక నాకు అయిదు వందలు పంపుతున్నాడు. ఇప్పటికి ఏడుసార్లు. తిప్పి పంపితే మళ్లీ వస్తాయి. కింద "పాత బాకీ" అని ఉంటుంది. తన కొట్టుకు రావాలంటే మా దుకాణం గుమ్మం దాటాలి కాబట్టి, వెనక సందులోంచి చుట్టు తిరిగి వస్తున్నాడు. మందుల షాపతను ఒకరోజు మాటల్లో అన్నాడు: "కాక నెలకు కొనే ఇన్సులిన్ సగం చేసిండక్కా. అడిగితే, షుగరు తగ్గిందంటడు."

బేరగత్తెను కాబట్టి లెక్క తప్పు చెప్పను. పావు శాతం మీద నాకు నెలకు మిగిలేది ఆరు వందల ముప్ఫై అయిదు. ఫీజు తిరిగి రావడానికే పద్దెనిమిది నెలలు దాటాలి. ఆ పన్నెండు నెలల్లో కాక నా దగ్గర తీసుకున్నది ముప్ఫై వేలు, తీర్చడానికి అరవై నెలలు. ఆయనకిప్పుడు డెబ్బై ఒకటి. ఆయన పంపేది కూడా కలిపితే నెలకు నా చేతికి వచ్చేది పదకొండు వందల ముప్ఫై అయిదు. అందులో అయిదు వందలు, ఆయన వేసుకోని ఇన్సులిన్.