కనపడని నీలి గీత

నా చిన్నప్పుడు దసరా సెలవులన్నీ పటాన్‌చెరులో మా మేనత్త దుకాణంలోనే గడిచేవి. అది రేడియం స్టిక్కర్ల దుకాణం. బండ్ల నంబర్లు, లారీల వెనక రాతలు, ఫ్యాక్టరీ పైపుల మీద అతికించే బాణాలు, అన్నీ కంప్యూటర్‌లో గీసి పంపితే, కత్తి ఉన్న మిషను రంగు షీటును ఆ గీతల వెంబడి కోసేది. ఆయుధపూజకు ప్రతి ఆటోకూ కొత్త స్టిక్కరు పడాల్సిందే కాబట్టి ఆ రోజుల్లో దుకాణంలో కాలు పెట్టే చోటుండేది కాదు. నేను కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని కథల పుస్తకం చదువుకునేదాన్ని. ఎవరైనా పలకరిస్తే పుస్తకంలోకి ఇంకా వంగేదాన్ని.

ఆ ఏడు బొమ్మలు గీయడానికి ఒక అక్క కొత్తగా చేరింది. రుద్రారం నుంచి బస్సులో వచ్చేది. అంతకుముందు అత్తకు పోటీగా ఉన్న దుకాణంలో పనిచేసింది. అనుమానం మొలవడానికి ఆ ఒక్క మాట చాలు.

జిన్నారం వైపున్న ఒక మందుల ఫ్యాక్టరీ వాళ్ళు పైపుల కోసం పెద్ద బాణాలు అడిగారు. అక్క గీసి పంపినవాటిని సూపర్‌వైజరు తిరిగి తెచ్చి బల్ల మీద పడేశాడు. "ఏందమ్మా ఇవి, బాణాలా, కొంగ ముక్కులా? మొనంతా ఓ దిక్కు గుంజుకపోయింది." నిజమే, మొన నడిమధ్యన కాకుండా కొంచెం కుడికి జరిగి ఉంది. అక్క మళ్ళీ మొదటి నుంచి గీసింది. మళ్ళీ అలాగే వచ్చింది.

అక్క నీళ్ళ కోసం బయటికి వెళ్ళగానే అత్త నా పక్కకు వచ్చింది. "ఒకసారంటే చెయ్యి జారిందనుకుంటం. రెండోసారి గూడ గట్లనే ఎట్లొస్తది బిడ్డా? గా దుకాణపోల్లే పంపిన్రు దీన్ని, నా గిరాకీ చెడగొట్టనీకి. నువ్వు జెర కనిపెట్టి సూడు. పొద్దుమీకే దాక సూసి, రేపటిసంది రావొద్దని చెప్పేస్త."

మాట్లాడని పిల్లలకు చూడటం బాగా వస్తుందని పెద్దలకు ఎలా తెలుస్తుందో. పుస్తకం అంచు మీదుగా నేను అక్కను చూస్తూ కూర్చున్నాను. ఒకసారి ఫోన్ మోగింది. ఎవరి పేరు కనపడిందో, అక్క బయటికి వెళ్ళి, చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడింది. అత్త చెప్పుల చప్పుడు వినపడగానే తెర మీది బొమ్మను చిన్నది చేసింది. నేను అవన్నీ తీసుకెళ్ళి మనసులో ఆ పోటీ దుకాణానికే అతికించాను.

"పేజీ తిప్పక శానసేపైంది చెల్లె. కథ గంత గట్టిదా?" అంది అక్క, తల తిప్పకుండానే. నాకు చెవులు వేడెక్కాయి. "దొంగసూపులెందుకు, ఇటొచ్చి కూసో," అని మౌస్ నా చేతికిచ్చింది.

కంప్యూటర్‌లో గీసే బొమ్మకు ప్రతి మూలా ఒక చుక్క. తెర మీద అయస్కాంతం గుర్తు ఒకటి ఉంటుంది. అది నొక్కి ఉంటే, మనం కదిపిన చుక్క దగ్గర్లోని ఇంకో చుక్కకో గీతకో తనంతట తానే అతుక్కుంటుంది. లేకపోతే మూలల్లో వెంట్రుకంత సందు మిగిలి, స్టిక్కరు తీసేటప్పుడు చిరుగుతుంది. బాణం మొనను సరిగ్గా నడుమ పెట్టమంది అక్క. ఊపిరి బిగబట్టి పెట్టాను. వేలు ఎత్తగానే చుక్క పక్కకు దూకింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అక్కడికే దూకింది.

"ఇగ నిన్ను గూడ గా దుకాణపోల్లే పంపిన్రా?" అక్క నవ్వింది, కళ్ళు నవ్వలేదు. అత్త మాటలు విన్నదన్నమాట. "నన్ను ఎల్లగొట్టనీకి మీ అత్తనే గీ కంప్యూటర్ల ఏదో చేసిందని నేననుకుంటున్న."

అనుమానం అటు నుంచి కూడా వస్తుందని నాకు అప్పటిదాకా తట్టలేదు. అంతమంది గిరాకీల మధ్య గొంతెత్తి అత్తను పిలిచాను. నేను అలా పిలవడం అదే మొదటిసారి. అత్త వచ్చి తనే మౌస్ పట్టుకుంది. చుక్క ఆమె చేతిలోనూ దూకింది. దాచిన గీతలు చూపించే చోట నొక్కింది. బాణం నడుమకు పక్కగా పై నుంచి కింది దాకా ఒక నీలి గీత తేలింది. నంబరు ప్లేట్ల కొలత కోసం ఎప్పుడో పెట్టి, కళ్ళకు అడ్డమని అత్తే దాచిందట. కొత్త పని ఏదైనా ఆ ఫైలులోనే మొదలుపెడతారు. కనపడకపోయినా అయస్కాంతం చుక్కను దాని వైపే లాగుతోంది.

"ఇది నేనే పెట్టిన," అంది అత్త. గీత తీసేసి, లేచి వెళ్ళి తనే చాయ్ తెచ్చి అక్క ముందు పెట్టింది. "రేపు జెర జల్దీ రా. ఆటోలోల్లు పొద్దుగాలనే వస్తరు."

"దగ్గర ఏదుంటే దానికే అతుక్కుంటది, పాడు చుక్క," అంది అక్క తెర వైపు చూస్తూ. అత్త విననట్టే తన చాయ్ తాగింది.

ఇప్పుడు నేనూ అలాంటి బొమ్మలే గీస్తున్నాను. ఎవరి ఫైలు తెరిచినా ముందుగా దాచిన గీతలు పైకి తెస్తాను. అక్కకు ఆ రోజు ఫోన్ చేసిందెవరో మాత్రం ఎప్పుడూ అడగలేదు. డైరీ రాసుకునేటప్పుడు అప్పుడప్పుడు గుర్తొస్తుంది, ఇప్పటికీ ముందుగా ఆ పోటీ దుకాణమే తడుతుంది. దగ్గర ఉన్నది అదే కదా. ఆ ఫోన్ అనే చుక్కను దేనికీ అతికించకుండా అలాగే వదిలేశాను.