మొదటి ఆట మా వాడలోనే

మొన్న మా మనుమడు ఫోన్ల పాలమూరుల చూడదగ్గ జాగాలేవో చదివి వినిపిస్తుంటే చెవులు రిక్కించి విన్న. కోటలున్నయి, గుళ్లున్నయి, మా మాదిగవాడ పేరే లేదు. ఒళ్లు మండింది నాకు. మా వాడ చూడనోడు పాలమూరు ఏం చూసినట్టు?

నా ఈడువాళ్లకు యాదికుంటది, యాభైల చివర్ల తోళ్లు నానేసిన తంగేడు చెక్క వాసన, చెప్పులు కుట్టుకుంట మా బాపు తీసే కూనిరాగం, మంట మీద కాపిన డప్పుల మోత, అన్నీ ఆ ఒక్క వాడలనే. ఎండకాలం రాంగనే భాగోతాలాడే చిందు మేళం దిగేది. ఏ ఊరికి పోయినా వాళ్లు మొదటి ఆట మాదిగోళ్ల ముందటనే ఆడాలె, తర్వాతే ఎవరికైనా. అది తాతలనాటి కట్టు. ఊరు మొత్తంల మాకు ముందువరుస ఉన్నది ఆ ఒక్కదాంట్లనే.

నాకు పదేండ్లున్న ఏడు, పెద్దకులాలోళ్లుండే పెద్దబజారు దొర మొదటి ఆట తన వాకిట్లనే కావాలని, లేకుంటే మా బాపుకు బాయిల నీళ్లు తోడే మోటకు తోలు కుట్టే పని బందు పెడతనని కబురు పంపిండు. ఒక్కసారికి పోనీ అన్నరు వాడ పెద్దలు. ఒక్కసారి తప్పితే కట్టు తెగినట్టేనని నన్ను కన్న మా అవ్వకు ఎరుకే. పోయి మేళం దిగిన గుడిసె ముందట అడ్డంగ కూసున్నది. నా పీనుగ దాటి తీస్కపోండ్రి మీ గజ్జెలు అన్నది. మేళం పెద్దాయన ఆమె కాళ్లు మొక్కి, మా వాడ నడుమనే తెర కట్టించిండు.

మద్దెల మోగినంక పెద్దబజారోళ్ల కాళ్లు ఇంట్ల నిలుస్తయా? పొద్దుగూకకముందే ఒక్కొక్కలే వచ్చిన్రు. మేం ఈతచాపలు పరిచి, కూసోండ్రి అన్నం. మా చాప ముడితే మైలాయె గద, పాపం! మమ్ముల ఎన్నడూ తమ అరుగు ఎక్కనియ్యనోళ్లు, మేం కాళ్లు బార్లా చాపుకొని చూస్తుంటే, మా వెనుక కాళ్లు మార్చుకుంట ఆటంతా నిలబడే చూసిన్రు. అవ్వకు నవ్వాగలేదు. దొర అన్నంత పనీ చేసిండు, ఆ వానకాలమంతా మా ఇంట్ల తాగే జొన్న గటక పలచనయింది, అయినా బాపు అవ్వను పల్లెత్తు మాట అనలేదు.

ఇప్పుడు మా వాడకు సిమెంటు రోడ్డు పడ్డది, ఎవరి అరుగైనా ఎక్కుతున్నం, మంచిదే. చిందు మేళం మాత్రం పట్నంల స్టేజీల మీదనే ఆడుతున్నదట, ముందు కుర్చీలన్నీ పెద్దోళ్లకేనట. దొర బెదిరించినా ఇయ్యని హక్కును, ఎవరూ అడగకుండనే, టీవీల ముందట కూసోని మేమే వదులుకున్నం.