రెండు గదుల మధ్య మనిషి

మా ముత్తాత పర్లాకిమిడి వైపు ఏడు ఊళ్ల శిస్తు వసూలు చేసే ముఠాదారు. మా తాతగారి ఎదుట పనివాళ్లెవరూ కూర్చునేవారు కారు. టాటానగర్ పక్కన జుగ్సలాయిలో చిన్న ఫౌండ్రీ పెట్టుకున్నా నేను ఆ మర్యాద వదల్లేదు.

ఎదురు మాట్లాడాడని, పోతకు ఇసుక అచ్చులు చేసే ఒక మౌల్డరును పనిలోంచి తీసేశాను. పనివాళ్లంతా సమ్మె చేశారు. రాజీకి లేబర్ ఆఫీసరు మమ్మల్ని పిలిపించాడు. మౌల్డరుతో ఒకే గదిలో కూర్చోనన్నాను. ఆఫీసరు మమ్మల్ని చెరో గదిలో ఉంచి, మాటలు మోస్తూ తిరిగాడు. గడప దాటే ముందు ప్రతిసారీ కళ్లజోడు తీసి తుడుచుకునేవాడు. ఆయన టాటానగర్ రైల్వే ఫిట్టరు కొడుకు. పనివాళ్ల పక్షమేనని నా అనుమానం.

అంతలో పక్కగదిలోంచి మౌల్డరు కేక వినిపించింది.

"మీరు ఆ దొర మనిషే గదా సార్! ఏటి పెట్టాడేటి మీకు?"

ఆఫీసరు నా దగ్గరికి వచ్చాడు.

"అతన్ని మళ్లీ పనిలోకి రమ్మంటే రేపే సమ్మె మానేత్తారంటండి. ఆ మాట మీ నోటినుంచే వినాలంట. నేను చెప్తే నమ్మడంట."

"ఆ షరతు అతనిదా, మీరు కల్పించిందా?"

"వచ్చి అడగండి బాబూ, పది అడుగులే గదా."

నేను లేవలేదు. ఆ షరతు ఎవరిదో నాకిప్పటికీ తెలియదు. రాజీ కుదరలేదని ఆయన పైకి రాసి పంపాడు. ఆరు నెలలకు ఫౌండ్రీ షెడ్డు, కొలిమి, రెండు లేతు మిషన్లు అమ్మేశాం.