బావ చాచిన చెయ్యి

పదకొండేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. చిన్నదే. రెండు మాటలు.

మాది కొవ్వూరు. రైస్ మిల్లులో గుమస్తాని. గోదావరి మీద కొత్త రైలు వంతెన కడుతున్న రోజుల్లో, ఒక పేపర్లో చదివి వ్యాయామం లెక్క నేర్చుకున్నాను. రెండు వందల ఇరవైలోంచి వయసు తీసేసి, మిగిలినదాంట్లో డెబ్బై శాతం దాకా నాడి కొట్టుకుంటే నడక ఒంటికి పట్టినట్టు. పొద్దున్నే గట్టు మీద నడిచేవాళ్లంతా నా ముందు చేతులు చాచేవారు. "లెక్కల డాక్టరు గారూ, మేం పాసేనా అండి?" అని ఆటపట్టించేవారు. నాకు గర్వంగా ఉండేది.

మా అక్క భర్తకి, బావకి, అప్పుడు యాభై రెండు. బీపీ మాత్ర వేసుకునేవాడు. ఒక రోజు పొద్దున ఒంట్లో బాగాలేదని పడుకుంటే అక్కే లేపి నాతో నడకకి పంపింది. సగం దూరంలో ఆగిపోయాడు. ముఖమంతా చెమట.

"గుండెల మీద ఏదో బరువు పెట్టినట్టుందిరా," అని చెయ్యి చాచాడు.

మణికట్టు పట్టుకుని వాచీ చూశాను. తొంభై ఆరు. రావలసింది నూట పద్దెనిమిది.

"నీ గుండె ఇంకా నిద్ర లేవలేదు బావా. గ్యాస్ అయ్యుంటుంది. జోరు పెంచు, పోతుంది."

నవ్వాడు. జోరు పెంచాడు. రేవు మెట్ల దగ్గర కూలిపోయాడు.

ఆ మాత్ర నాడిని తగ్గించి ఉంచుతుందని తర్వాత ఒక డాక్టరు చెప్పారు. నాకు తెలియదు, నిజమే. కానీ మనిషి నోరు తెరిచి బరువుగా ఉందంటే, కూర్చోబెట్టడానికి ఏ లెక్క తెలియాలి?

ఆస్పత్రి వరండాలో అక్క అడిగింది. "మీ బావ ఏమన్నా అన్నారేంట్రా?"

"ఏం అనలేదక్కా."

ఆమె బాధపడకూడదనే అలా అన్నానని ఎన్నేళ్లో నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కాదు. ఆమె ఇక నా ముఖం చూడదని భయపడ్డాను. నా మాట నమ్మి, తప్పంతా తన మీద వేసుకుంది. లేవనంటుంటే నేనే లేపి పంపానని, ప్రతి తద్దినానికీ వంటింట్లో అంటూనే ఉంటుంది. నేను అక్కడే కూర్చుని వింటాను. ఆ పూట వండినవన్నీ తింటాను కూడా.

అక్కకి ఇంకా చెప్పలేదు. చెప్పగలనా? తెలియదు. మీకు చెప్పాను. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడింది.

ఒక్క సంగతి మిగిలింది. బావ ఆనాడు చెయ్యి చాచింది పట్టుకోమని. నేను వాచీ చూసుకున్నాను.