పద్మారాణి మైకు పట్టుకున్న రోజు

సూరత్‌లోని గోడాదరాలో తెలుగువాళ్లు ఉండే ఆ గల్లీలో ఇజ్రాయెల్ చూసి వచ్చిన మనిషి పద్మారాణి ఒక్కతే. భర్త పరుశురాం ఇరవై ఏళ్లు మరమగ్గాల ముందు నిలబడి కాళ్ల నరాలు ఉబ్బి సగం పనికి దిగిపోయాక, జగిత్యాల వైపు చుట్టాల ద్వారా ఆమె ముసలివాళ్లను చూసుకునే పనికి ఇజ్రాయెల్ వెళ్లింది. ఎనభై దాటిన రివ్కా అనే ఆవిడకు ఐదేళ్లు స్నానం చేయించింది, మందులిచ్చింది, చక్రాల కుర్చీలో తిప్పింది. రివ్కాది మంచి నోరు కాదు. పద్మారాణిదీ కాదు. సూపులో ఉప్పు దగ్గర్నుంచి కిటికీ తలుపు దాకా కీచులాడుకుంటూనే ఇద్దరూ ఆ ఐదేళ్లూ నెట్టుకొచ్చారు.

తిరిగొచ్చిన మరుసటి ఏడాది మార్కండేయ జయంతికి నేతవాళ్ల కులసంఘం వాళ్లు ఆమెను మాట్లాడమన్నారు. సంఘం పెద్ద సదానందం ముందురోజే ఇంటికొచ్చి, అక్కడివాళ్లు శత్రువును ఎలా అణిచేస్తున్నారో, మనం ఏం నేర్చుకోవాలో పది నిమిషాలు చెబితే చాలన్నాడు. పద్మారాణి ఊ అంది.

హాల్లో మూడొందల మంది ఉన్నారు. మొదట గాజా నుంచి వచ్చినవాళ్లు దాడి చేసిన రోజు గురించి చెప్పింది. రివ్కా మనవడు ఆ అక్టోబరు పొద్దున సరిహద్దు దగ్గర చనిపోయాడు. కబురు తెలిశాక ముసలావిడ రెండు రోజులు ముద్ద ముట్టలేదు. చెబుతూ పద్మారాణి కొంగుతో కళ్లు తుడుచుకుంది. అందరూ కదలకుండా విన్నారు.

తర్వాత నబీల్ గురించి చెప్పింది. అతను పాలస్తీనావాడు, ఎప్పుడో రివ్కా ఇంట్లో టైల్స్ వేసిన మేస్త్రీ. అతని పెద్ద కూతురు అంతకుముందే ఇజ్రాయెల్ సైనికుల తూటాకు పోయింది. రివ్కా మనవడి సంగతి విని అతను పరామర్శకు ఫోన్ చేస్తే, మీవాళ్లే చంపారని అరిచి రివ్కా పెట్టేసింది. వారం తర్వాత తనే చేసి, పోయిన నీ కూతురికి ఎన్నేళ్లు అని అడిగింది. యుద్ధంతో దారులు మూతపడ్డాయి గనుక ప్రతి మంగళవారం ఫోన్లోనే మాట్లాడుకునేవారు.

"వాళ్లిద్దరికి పడది," అంది పద్మారాణి మైకులో. "భూమి ఎవ్వలది, జైల్లున్నోళ్లను ఎప్పుడిడుస్తరు, సరిహద్దు గీత యాడ గియ్యాలె, అన్నిటికీ కొట్లాటే. ఎందుకమ్మా నీకు గీ తిప్పలని నేనడిగిన. నా మనుమన్ని సంపినోళ్లను సచ్చేదాక మాఫ్ చెయ్య అన్నది. కని నబీల్‌కు ఇంకో బిడ్డ ఉన్నది, ఆ పిల్లకేమన్న అయితే ఆయన నా ఫోన్ ఎత్తడు, ఇగ నాతోని మాట్లాడేటందుకు ఎవ్వలు మిగులుతరు అన్నది."

వీడియో తీస్తున్న వరప్రసాద్, సదానందం మేనల్లుడు, సూరత్‌లోనే పుట్టి పెరిగినవాడు, ఈమె ఎవరి తరఫున మాట్లాడుతోందని హిందీలో కేక వేశాడు. ముందు వరసలో ఆడవాళ్లు కొందరు లేచిపోయారు. సదానందం వచ్చి ఆమె చేతిలోంచి మైకు లాక్కుని, చెల్లె అలిసిపోయింది, ఇక భోజనాలకు పదండి అన్నాడు.

సాయంత్రానికల్లా వీడియో అన్ని గ్రూపుల్లో తిరిగింది. మర్నాడు, పద్మారాణి కూలికి లేసు కుట్టేందుకు ఇంటికి చీరలు తెచ్చిచ్చే చిన్నవ్వ వచ్చి, కుట్టినవీ కుట్టనివీ మూట కట్టుకుని తీసుకుపోయింది. పద్మారాణి సొంతంగా లేసు కొని కుట్టుకుందామని పక్కనే ఉన్న లింబాయత్‌లో ఇల్యాస్ దుకాణానికి వెళ్లింది. అతనికి ఎవరో వీడియోలో మొదటి ముక్క, మనవడి సంగతి ఉన్నది మాత్రమే పంపారు. గాజాలో అన్ని వేలమంది పిల్లలు పోతే నీకు ఆ ఒక్క కుర్రాడికే ఏడుపొచ్చిందా అన్నాడు. మొత్తం విని మాట్లాడమని ఆమె అరిచింది. అతను లేసు చుట్ట తీసి లోపల పెట్టేశాడు.

ఇంట్లోనూ అంతే. "పోయి మాఫీ అడుగు. గీ గల్లీల మనం బతకాలె," అన్నాడు పరుశురాం. ఏం తప్పు చేశానని అడగాలంది. నెలరోజులు అతను చెల్లెలింట్లో తిన్నాడు.

చివరికి సదానందమే కాగితం రాసుకొచ్చాడు. తెలియక మాట్లాడానని దాని మీద ఆమె సంతకం పెట్టాలి.

"అన్నా, నేను చెప్పినదాంట్ల అబద్ధమేందో సూపెట్టు. గప్పుడు సంతకం జేస్త."

"అబద్ధమని నేనంటలే చెల్లె. అది గాడ చెప్పే మాట కాదు."

"మరి యాడ చెప్పాలె?"

సదానందం కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది జయంతి పిలుపు వాళ్లింటికి రాలేదు.

ఇప్పుడు పద్మారాణి రింగ్ రోడ్ బట్టల మార్కెట్లో చీరలు మడత పెట్టే పనికి పోతోంది. పక్కన కూర్చునే జమున, ఆ రోజు హాల్లోంచి లేచిపోయిన వాళ్లలో ఒకతె. మూడు వారాలు ఆమె ముఖం తిప్పుకునే కూర్చుంది. ఒక మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుతూ, ముఖం చూడకుండానే, "నీ మాట నాకు నచ్చలే. ఇప్పటికీ నచ్చలే," అంది. "కని మైకు గట్ల గుంజుకునుడు గూడ నచ్చలే."

"ఏం నచ్చలేదో చెప్పు," అంది పద్మారాణి.

జమున చెప్పింది. అన్నం తినడం అయ్యేదాకా ఇద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు. సూపర్‌వైజర్ వచ్చి గద్దించాక గాని మళ్లీ చీరలు చేతిలోకి తీసుకోలేదు.