నాకు తెల్వదన్న టీచరమ్మ

మా సండే స్కూల్ టీచరమ్మ పోయిన మంగళవారం చనిపోయారు. అల్మాస్‌గూడ నుంచి అమ్మ ఫోన్ చేసి, "టీచరమ్మ పోయింది బిడ్డా" అంది.

ఆవిడ సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆదివారాలు చర్చిలో మాకు బైబిలు కథలు చెప్పేవారు. మిగిలిన చాక్‌పీసు ముక్కను కొంగున ముడేసుకునేవారు. వాక్యం తప్పు చదివితే కసిరేవారు కాదు. "మళ్ల చదువు, తొందరేం లేదు" అనేవారు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. నాకు పదేళ్లు. నల్గొండ దగ్గర ఊళ్లో మా అమ్మమ్మ చనిపోయింది. అమ్మా నేనూ క్రైస్తవులం, అమ్మమ్మ కాదు. ఆ నెలలోనే మా చర్చిలో మూడు రోజుల ప్రార్థన కూటాలు పెట్టారు. అలాంటివి అప్పట్లో బాగా ఎక్కువయ్యాయి. బయటి నుంచి వచ్చిన బోధకుడు, ప్రభువును నమ్మకుండా పోయినవాళ్లంతా నరకాగ్నిలో కాలుతున్నారని మైకులో చెప్పాడు. అన్యుల పండగ భోజనం ముట్టొద్దన్నాడు, ధర్నాలకు పోవద్దన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు.

ఆదివారం క్లాసులో లేచి అడిగాను. "టీచర్, మా అమ్మమ్మ నరకంల ఉన్నదా?"

ఆవిడ బైబిలు మూశారు. "నాకు తెల్వదు బిడ్డా. ఆ బోధకునికి గూడ తెల్వదు. అమ్మమ్మంటే నీకు పాణమేనా?"

"అవును టీచర్."

"మరి దేవునికి నీకున్నంత ప్రేమ గూడ లేదంటవా?"

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ భయపడిపోయింది. పిల్లలకు తప్పు బోధ చేస్తున్నారని సంఘ పెద్దలకు చెప్పింది మా అమ్మే. పెద్దలు ఆవిడను పిలిచి, అందరి ముందూ తప్పు ఒప్పుకోమన్నారు. "నేను బైబిలు ఇడిశిపెట్టలే. పిల్లల్ని భయపెట్టుడు మాత్రం నాతోని కాదు" అన్నారట ఆవిడ. పెద్దలు ఆవిడను క్లాసు నుంచి తీసేశారు. ఆవిడ చర్చి మానలేదు. వెనక బెంచీలో కూర్చునేవారు.

కొన్ని నెలలకు ఎల్బీ నగర్‌లో ఉద్యమకారులు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశారు. బస్సులు లేక అమ్మా నేనూ నడిచి వస్తున్నాం. ఉద్యమంలోకి వచ్చిన కాలనీ ఆడవాళ్లతో కూర్చుని టీచరమ్మ ఉల్లిగడ్డలు కోస్తున్నారు. అమ్మ ఆవిడను చూసి దగ్గరికెళ్లింది.

"పెద్దలకు చెప్పింది నేనే టీచర్."

"ఎరుకే. కూసో."

"మా అమ్మ మంటల్ల కాలుతున్నట్టు రోజూ కండ్లల్ల మెదుల్తది."

టీచరమ్మ కత్తి పక్కన పెట్టి అమ్మ చేయి పట్టుకున్నారు. "మీ అమ్మను నేను చూడలే. ఎట్లుండేదో చెప్పు."

అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. అన్నం ఉడికేదాకా చెబుతూనే ఉంది.

ఆ తర్వాత అమ్మ వెళ్లి ఎంత అడిగినా పెద్దలు క్లాసు తిరిగి ఇవ్వలేదు. దేవుడి గురించి నేను ఇప్పటికీ భయం లేకుండా ప్రశ్నలు అడుగుతున్నానంటే అది ఆవిడ చలవే.

మొన్న సమాధుల తోటలో ప్రార్థన మొదలైంది. ఆవిడ వీధిలోని, క్రైస్తవులు కాని ఆడవాళ్లు లోపలికి రావచ్చో లేదో తెలియక గేటు బయటే ఆగిపోయారు. పాట సగంలో ఉండగా అమ్మ వాళ్ల దగ్గరికి నడిచింది. "రాండ్రి, ముందటికి రాండ్రి" అంటూ ఒక్కొక్కరినీ చేయి పట్టుకుని తీసుకొచ్చి, శవపెట్టె పక్కన నిలబెట్టింది.